మొహమాటపు అరికాళ్లు

తెనాలిలో మా షామియానా దుకాణానికి వచ్చి పెళ్లి తారీఖు చెప్పేవాళ్లని నేను మొదట అడిగే ప్రశ్న ఒకటే: "సుభాని మాస్టర్‌ని కనుక్కున్నారా?" కనుక్కోకుండా వచ్చినవాళ్లని వెనక్కి పంపేస్తాను. టెంట్లు నా దగ్గర కాకపోతే ఇంకోచోట దొరుకుతాయి. కుర్చీలు ఎవరైనా ఇస్తారు. బిర్యానీ మాత్రం మహబూబ్ సుభాని వండితేనే బిర్యానీ. మిగతావాళ్లు వండేది మసాలా వేసిన అన్నం. ఈ మాట అన్నందుకు ఊళ్లో కొంతమంది వంటవాళ్లు నాతో మాట్లాడటం మానేశారు. మానేస్తే పీడాపోయింది.

మాది రేపల్లె దగ్గర వ్యవసాయ కుటుంబం. పొలం తమ్ముడికి అప్పగించి నేను ఈ వ్యాపారంలోకి దిగినప్పటి నుంచీ సుభానితో స్నేహం. రేపల్లెలో పెళ్లయినా, బాపట్లలో ఓణీల ఫంక్షనైనా, సామాను లారీ ముందు సీట్లో నా పక్కన ఆయన ఉండాల్సిందే. మనిషి పొడుగ్గా, బక్కగా ఉంటాడు. ఆయన గొంతు పెంచి మాట్లాడటం నేను వినలేదు. ఎవరేమన్నా "అలాగేనండి" అంటాడు. ఉప్పు తక్కువైందని పెళ్లికొడుకు మేనమామ అంటే అలాగేనండి. ఎక్కువైందని అదే బంతిలో ఇంకొకాయన అంటే అలాగేనండి. ఉప్పు మాత్రం ఆయన వేసినంతే ఉంటుంది.

ఒక్క విషయంలో మాత్రం మహా మొండివాడు. బిర్యానీ వండే డేక్సా పొయ్యి మీదికి ఎక్కించే ముందు చెప్పులు విప్పేస్తాడు. అంతమంది తినే అన్నం ముందు చెప్పులతో నిలబడకూడదని పని నేర్పిన ఉస్తాద్ చిన్నప్పుడే చెప్పాడట. దమ్ పెట్టేటప్పుడు మూత మీద నిప్పులు పోస్తారు, నాలుగు కిందికి రాలుతాయి. ఆయన వాటి మధ్య వట్టి కాళ్లతో తిరుగుతుంటాడు. చూసే మనకి ఒళ్లు జలదరిస్తుంది.

మా ఇద్దరికీ షుగర్ ఒకే ఏడాది బయటపడింది. నాకు వచ్చిందంటే అర్థముంది, నేను తిండికి పుట్టినవాణ్ణి. ముద్ద నోట్లో పెట్టుకునేముందు కూడా "ఎవరైనా తింటారా" అని చుట్టూ చూసే ఆయనకెందుకు వచ్చిందో ఆ దేవుడే చెప్పాలి. వచ్చింది, ఏళ్లు గడిచాయి, మాత్రలు మింగుతున్నాం, పెళ్లిళ్లు చేయిస్తున్నాం.

ఒకరోజు పొద్దున సుభాని, ఆయన భార్య సాబిరా పుదీనా, కొత్తిమీర బేరానికి మార్కెట్‌కి వెళ్లారు. కొట్టు ముందు నిలబడ్డాక సాబిరా యథాలాపంగా కిందికి చూస్తే మొగుడి కుడికాలికి చెప్పు ఉంది, ఎడమకాలికి లేదు. వెతుక్కుంటూ వెనక్కి నడిస్తే కాలువ వంతెన దగ్గర, రోడ్డు మధ్యలో దొరికింది. అక్కడి నుంచి మార్కెట్ దాకా ఆ మనిషి ఒంటి చెప్పుతో నడిచాడు. నడిచినట్టు ఆయనకే తెలియదు.

సాబిరా తిన్నగా మా దుకాణానికి వచ్చింది. "చెప్పు వదులైందంటున్నారు అన్నయ్యా. వదులైతే ఊడుతుంది, సరే. ఊడిందని కాలికి తెలియదా ఏంటి? మీరైనా అడగండి."

అడిగాను. "కాళ్లు బానే ఉన్నాయండి అన్నగారూ. పడుకున్నప్పుడు కాస్త మంటలు, అంతే," అన్నాడు.

నా మేనకోడలు హిమబిందు బాపట్లలో ఒక కాలేజీలో పరిశోధన చేస్తోంది. ఏం పరిశోధన అని ఎవరైనా అడిగితే మా చెల్లెలు "ఏవో నరాలట" అని ఊరుకుంటుంది. ఆ నరాల సంగతి ఏదో కనుక్కుందామని ఒక ఆదివారం ఆ పిల్లనీ, సుభానినీ మా ఇంటికి భోజనానికి పిలిచాను.

"చర్మం కింద నరాల కొసలుంటాయి బాబాయ్," అని మొదలుపెట్టింది హిమబిందు, సుభానితో. "ఆ కొసల్లో కంటికి కనపడనంత చిన్న తలుపులుంటాయి. వేడి తగిలితే ఒక రకం తలుపు తెరుచుకుంటుంది. కబురు నరం వెంట మెదడుకి వెళ్తుంది, మంట అంటాం. తమాషా ఏంటంటే, మిరపకాయ కారానికి తెరుచుకునేది కూడా ఆ తలుపే."

సుభాని చేతిలో ముద్ద ఆగిపోయింది. "అంటే పొయ్యిలో మంటా, నోట్లో మంటా ఒకటేనా అమ్మా?"

"ఆ తలుపుకి ఒకటే."

"మనవాళ్లకి ఎప్పుడో తెలుసు. అందుకే రెంటికీ ఒకటే మాట పెట్టారు," అన్నాను నేను, ఆ మాట నేనే పెట్టినట్టు.

"మరి పుదీనా?" అన్నాడు సుభాని.

"పుదీనా నమిలితే చల్లగా ఉంటుంది కదా, ఆ చల్లదనానికి తలుపు వేరే ఉంది."

"అయితే నా బిర్యానీ రెండు తలుపులూ తీస్తుందన్నమాట!" అని ఆయన నవ్విన నవ్వు చూడాలి. అన్నేళ్లుగా చేస్తున్న పనికి కొత్తగా ఎవరో దండ వేసినట్టు మురిసిపోయాడు.

షుగర్ చాలాకాలం ఎక్కువగా ఉంటే ఆ కొసలు పాడవుతాయని ఆ పిల్ల చెప్పింది. కొన్నిచోట్ల ఏమీ తగలకపోయినా మంట కబురు వెళ్తుంటుంది, కొన్నిచోట్ల నిజంగా నిప్పు తగిలినా కబురు వెళ్లదు. అందుకే ఒకే కాలికి మంటలూ ఉంటాయి, మొద్దుతనమూ ఉంటుంది. మిరపలో మంట పుట్టించే పదార్థాన్ని అరికాళ్లకి పట్టిస్తే పాడైన కొసలు వెనక్కి తగ్గి, వాటి చోట కొత్తవి వస్తాయేమో చూడటం వాళ్ల పని.

"అసలే కాళ్లు మండుతున్నాయంటుంటే వాటికి కారం పూస్తారా? గోరుచుట్టు మీద రోకటిపోటా?" అన్నాను. "పైగా 'వస్తాయేమో' అంటావేంటి?"

"ఆ 'ఏమో' తేల్చడానికే పరిశోధన మావయ్యా," అంది ఆ పిల్ల. తర్వాత సుభాని వైపు తిరిగి, "స్పర్శ పోయినవాళ్లు మాత్రం వట్టి కాళ్లతో తిరగకూడదు బాబాయ్. పొయ్యి దరిదాపులకి వెళ్లకూడదు," అంది.

సుభాని తలొంచుకుని పెరుగన్నం కలుపుకున్నాడు. కారణం నాకు తెలుసు. కూతురు ఆసియాకి బాపట్ల సంబంధం అప్పుడే కుదిరింది. పెళ్లికొడుకు ఫరూక్‌కి అక్కడ సెల్‌ఫోన్లు బాగుచేసే షాపు ఉంది. ఊళ్లో అందరి కూతుళ్ల పెళ్లిళ్లకీ వండిన మనిషి, తన కూతురి పెళ్లికి గరిటె ఇంకొకరి చేతికిస్తాడా? ఆ పూట వంట కోసమే ఇన్నేళ్లూ సాధన చేస్తున్నట్టుండేవి ఆయన మాటలు.

హిమబిందు కాలేజీలో పరీక్షకి సుభానిని బాపట్ల తీసుకెళ్లాను, నేనూ చేయించుకున్నాను. పరీక్ష చాలా తేలిక. చేపల గాలానికి కట్టే తీగలాంటి నైలాన్ పోగు ఒకటి ఉంటుంది. మనం కళ్లు మూసుకుని పడుకుంటే, ఆ పోగు కాస్త వంగేదాకా అరికాలికి ఆనిస్తారు. తగిలితే "తగిలింది" అనాలి. నాకు కొన్నిచోట్ల తెలియలేదు, తెలియలేదనే చెప్పాను. అసలు నాకు మర్యాద తక్కువని మా ఇంట్లో అందరూ అంటారు.

సుభాని పడుకున్నాడు. "తగిలిందమ్మా" అన్నాడు. బొటనవేలు, "తగిలిందమ్మా". మడమ, "తగిలిందమ్మా". ఎక్కడ ఆనించినా తగిలింది. హిమబిందు సంతోషించాల్సింది పోయి మొహం చిట్లించింది. ఎందుకంటే ఆయనకంటే ముందు పడుకున్న జకరయ్య కూడా అంతే. అడవులదీవి నుంచి వచ్చిన పెద్దాయన. కాలిలో గవ్వ ముక్క దిగబడి పుండైనా తెలియలేదని ఆయన భార్యే చెప్పింది. పరీక్షలో మాత్రం ఆయన కాలికి అన్నీ తగిలాయి.

"తాతా, నిజం చెప్పు. తగిలిందా?" అని అడిగింది.

"మా కాళ్లు పట్టుకుని కూర్చున్నావు కదా తల్లీ. తగల్లేదు, తగల్లేదంటే నీ మనసు కష్టపెట్టినట్టుండదూ?" అన్నాడు జకరయ్య.

హిమబిందు కుర్చీలో వెనక్కి వాలిపోయింది. "మా పరిశోధనకి అడ్డం షుగర్ కాదు మావయ్యా. మొహమాటం!"

మా వైపు మనుషుల సంగతి ఆ పరీక్ష కనిపెట్టినవాళ్లకి తెలిసి ఉండదు. చుట్టాలింట్లో ఉప్పు లేని కూర తిని "ఎంత బాగా కుదిరిందో వదినా" అనేవాళ్లం. కాళ్ల దగ్గర కూర్చున్న ఆడపిల్లకి లేదు అని ఎలా చెబుతాం? మొహమాటానికి పోతే ఏదో అయిందని సామెత కూడా ఉంది. దాన్ని పూర్తిగా రాస్తే మా చెల్లెలు నన్ను గడప తొక్కనివ్వదు.

"బాబాయ్, ఇంకొక్కసారి చూద్దాం. కళ్లు మూసుకోండి," అంది హిమబిందు. ఆయన మూసుకున్నాడు. ఆ పిల్ల పోగుని బల్ల మీద పెట్టేసి, కుర్చీ వెనక్కి జరుపుకుని, టీ గ్లాసు అందుకుంది. మా వైపు చూసి పెదాల మీద వేలుంచింది.

"తగిలిందమ్మా," అన్నాడు సుభాని.

ఆ పిల్ల టీ ఒక గుక్క తాగింది.

"ఆ, తగిలింది తల్లీ. ఇది కాస్త గట్టిగానే తగిలింది."

జకరయ్య తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. నా వల్ల కాలేదు, పగలబడి నవ్వాను. సుభాని కళ్లు తెరిచి బల్ల మీద పోగునీ, ఆ పిల్ల చేతిలో గ్లాసునీ, మమ్మల్నీ చూశాడు. విషయం అర్థమై తనూ నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూనే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

"తగలట్లేదమ్మా. చాన్నాళ్లయింది తెలియక. ఆ మాటంటే నన్ను పొయ్యి దగ్గరికి వెళ్లనివ్వవు కదా. ఆసియా పెళ్లికి నేనే వండాలి తల్లీ."

నాకు నవ్వు ఆగిపోయింది. హిమబిందు లేచి ఆయన పక్కన కూర్చుంది.

"తగిలిందని అబద్ధం చెప్పుకుంటూ వండితే ఏదో ఒకరోజు నిప్పు కాలుస్తుంది. తెలియదు, పుండవుతుంది, పాదమే తీసేయాల్సి రావచ్చు. నిజం చెప్పారు కాబట్టి దారి చూసుకుందాం. మందపాటి బూట్లు వేసుకుని వండండి."

"అన్నం ముందు బూట్లా!" అన్నాడు సుభాని. కాళ్లు పోతాయన్న మాటకంటే ఆ మాటకే ఎక్కువ అదిరిపడ్డాడు.

తర్వాతి వారం నుంచి హిమబిందు ప్రశ్న మార్చేసింది. తగిలిందా అని అడగటం మానేసి, "ఒకటి అన్నప్పుడు ఆనించానా, రెండు అన్నప్పుడా?" అని అడగటం మొదలుపెట్టింది. ఇందులో అవునూ లేదు, కాదూ లేదు. ఎవరి మనసూ నొచ్చుకోదు. ఈ పద్ధతి వాళ్ల శాస్త్రంలో ముందే ఉందట, మా వాళ్ల పుణ్యమా అని వాడకంలోకి వచ్చింది. అప్పుడు తేలింది, సుభాని రెండు పాదాలూ వేళ్ల నుంచి మడమ దాకా మొద్దని.

బూట్ల పంచాయితీ తీర్చింది సాబిరా. రేపల్లెలో ఒక పెళ్లి. పొయ్యిలు వెలిగించారు, సుభాని అలవాటుగా చెప్పులు విప్పాడు. ఆవిడ ఉతికిన గుడ్డలో చుట్టి తెచ్చిన కొత్త తోలు బూట్లు బయటికి తీసి, ఆయన్ని పీట మీద కూర్చోబెట్టింది.

"ఉస్తాద్‌గారు వద్దన్నది వీధులు తిరిగిన చెప్పుల్ని. ఇవి వీధి మొహం చూడలేదు, చూడబోవు కూడా. గరిటెలతో పాటు పెట్టెలో ఉంటాయి. ఇవి బూట్లు కావు, వంట సామాను," అని అందరి ముందూ తనే తొడిగి లేసులు కట్టింది.

"అలాగేనండి," అన్నాడు సుభాని. పెళ్లాన్ని అండి అనడం ఆయనకీ కొత్తే. ఉల్లిపాయలు తరిగే ఆడవాళ్లందరూ గొల్లుమన్నారు. ఆ రోజు బిర్యానీ ఎప్పటిలాగే కుదిరింది. నేను మూడోసారి కూడా వడ్డించుకున్నాను కాబట్టి సాక్ష్యం చెప్పగలను.

తర్వాత కారం మందు మొదలైంది. చేతులకి తొడుగులేసుకుని అరికాళ్లకి పట్టించి, కాసేపు ఉంచి తుడిచేస్తారు. నా సంగతి అడగొద్దు. కాళ్లు గాల్లో ఆడించుకుంటూ, పుట్టినప్పటి నుంచీ తిన్న మిరపకాయ బజ్జీలన్నిటినీ తిట్టుకుంటూ, కాలేజీ ఎగిరిపోయేలా కేకలు పెట్టాను. పక్క మంచం మీద సుభాని పేపరు చదువుకుంటున్నాడు.

"మంటగా ఉందా బాబాయ్?" అని అడిగింది హిమబిందు.

ఆయన నోరు తెరిచాడు, మూశాడు. "లేదమ్మా," అన్నాడు చివరికి. ఆ ఒక్క మాట పలకడానికి ఆయన పడ్డ కష్టం, నా అరికాళ్లు పడ్డ కష్టానికేమీ తీసిపోదు. తర్వాత నా వైపు తిరిగి, "మీరు అదృష్టవంతులండి అన్నగారూ," అన్నాడు. నాకు ఒళ్లు మండింది గానీ, ఆయన మొహం చూశాక తిట్టబుద్ధి కాలేదు.

నెలలు గడిచాయి. సాబిరా ఇంట్లో అన్నం తగ్గించి జొన్నరొట్టె పెట్టింది. పొద్దున్నే నడిపించింది. రోజూ అరికాళ్లు తిరగేసి గీతలేమైనా పడ్డాయేమో చూసేది. షుగర్ దిగింది. కారం మందు పూయించుకోవడానికి మళ్లీ వెళ్లినప్పుడు సుభాని ఉన్నట్టుండి, "మడమ దగ్గర చీమ పాకినట్టుందమ్మా," అన్నాడు. హిమబిందు గబగబా కలం తీసింది. "ఆగు తల్లీ, రాయొద్దు," అన్నాడు ఆయనే. "మొహమాటంతో అన్నానేమో. నా మీద నాకే నమ్మకం లేదు."

ఆసియా పెళ్లి తెనాలిలోనే ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. టెంట్లు, కుర్చీలు, గిన్నెలు అన్నీ నావే. సుభాని ముందు రోజు నుంచీ మా ఎవరినీ డేక్సాల దగ్గరికి రానివ్వలేదు. బూట్లేసుకుని, నెత్తిన టోపీ పెట్టుకుని, పొయ్యి నుంచి పొయ్యికి కుర్రాడిలా తిరిగాడు. దమ్ తీసి మొదటి పళ్లెం కూతురికి పంపాడు. నేను చాలా పెళ్లిళ్లు తిన్నవాణ్ణి, ఆ రోజు తిన్నది మాత్రం ఇంకెక్కడా తినలేదు. బాపట్ల నుంచి వచ్చిన పెళ్లివారు వంక పెడదామని కూర్చుని, లేవడం మర్చిపోయారు. మా స్నేహితుడి బతుకులో పెద్ద కోరిక తీరిందని నాకు పట్టరాని సంతోషం కలిగింది.

ఆఖరి బంతి లేచింది. సుభాని వంటశాల వెనక కుర్చీలో కూలబడి, బూట్లు విప్పి, తుడిచి పెట్టెలో పెట్టాడు. కాళ్లు గచ్చు మీద ఆనించి కళ్లు మూసుకున్నాడు. నేను పక్కనే కిళ్లీ నములుతున్నాను. ఆయన వెనక మా లారీ డ్రైవర్ రాజీవ్ కూల్‌డ్రింకుల తొట్టి ఖాళీ చేద్దామని ఒక్కసారిగా వంచేశాడు. ఐసు ముక్కలతో సహా నీళ్లన్నీ ఇటే వచ్చాయి.

"ఎవడ్రా అది! కళ్లు నెత్తికెక్కాయా! ఐసునీళ్లు తెచ్చి కాళ్ల మీద పోస్తావేంట్రా, వెధవా!"

ఎవరు అరిచారో నాకు అర్థం కాలేదు. ఆ నోట అలాంటి మాటలు నేను విని ఎరగను. రాజీవ్ తొట్టి పట్టుకుని బొమ్మలా నిలబడిపోయాడు. సుభాని అరుపు సగంలో ఆపేసి, తన కాళ్లని తానే ఎవరివో అన్నట్టు చూసుకుంటున్నాడు.

తగిలిందా అని ఆయన్ని ఎవరూ అడగలేదు. కాళ్ల దగ్గర ఎవరూ కూర్చోలేదు. ఎవరి మనసూ నొప్పించకూడదన్న భయం లేదు.

"చల్లగా ఉందండి అన్నగారూ," అన్నాడు మెల్లగా. "వేళ్ల దగ్గర. చల్లగా ఉంది."

నేను కిళ్లీ ఉమ్మేసి హిమబిందు కోసం కేకేశాను. బ్రెడ్ హల్వా తింటున్న చెయ్యి కూడా కడుక్కోకుండా పరిగెత్తుకొచ్చింది. సంగతి విని నెత్తి మీద చెయ్యి పెట్టబోయి, హల్వా గుర్తొచ్చి ఆపుకుంది.

"చల్లగానా? నేను మందు రాసింది వేడి తలుపుకి బాబాయ్! ఇది వేరే తలుపు!" అని నవ్వడం మొదలుపెట్టింది. "ఇది నా మందు పనో, పిన్ని జొన్నరొట్టెల పనో ఒక్కరిని చూసి చెప్పలేను. ఆదివారం రండి, మళ్లీ పరీక్ష చేస్తాను."

"వస్తాలే తల్లీ. ఏ తలుపైతే ఏంటి," అన్నాడు సుభాని. రెండు పాదాలూ ఐసు ముక్కల మధ్యకి జరుపుకున్నాడు.

సాబిరా తువ్వాలు పట్టుకుని వచ్చింది. "అప్పగింతలకి పిలుస్తున్నారు. తడిలో ఎంతసేపు? లేవండి."

"లేవను," అన్నాడు సుభాని. ఎవరేమన్నా అలాగేనండి అనే మనిషి, పెళ్లాం మొహం మీదే లేవను అన్నాడు. సాబిరా తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తూ నవ్వింది.

తండ్రి ఎంతకీ రాకపోతే ఆసియానే వెతుక్కుంటూ వచ్చింది, పెళ్లి బట్టలు రెండు చేతులతో ఎత్తి పట్టుకుని. తల్లి విషయం చెప్పింది. ఆ పిల్ల ఒక కుర్చీ లాక్కుని తండ్రి పక్కన కూర్చుని, చెప్పులు వదిలేసి, గోరింట పెట్టిన పాదాలు ఆ నీళ్లలో పెట్టింది. పెట్టీ పెట్టగానే కెవ్వున అరిచి వెనక్కి లాక్కుంది.

"అమ్మో, ఇంత చల్లగా ఉన్నాయేంటి అబ్బాజాన్!"

సుభాని మా అందరి వైపూ తలెత్తి చూసి, పెద్దగా నవ్వాడు.